వెండితెర వెలుగునీడలు: చూచీ చూడని కళ్లు

రాయపూర్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఒక సౌలభ్యం కలదు. ఒకే కథను హిందీలోనూ తెలుగులోనూ చూచి, రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి వాదులాడుకోవచ్చును. శ్రీరామ్ రాఘవన్ దర్శకత్వంలో 2018లో వెలువడిన ‘అంధాధున్’ను ఇక్కడి థియేటరులో చూశాము. దానికి తెలుగు రూపంగా మేర్లపాక గాంధీ దర్శకత్వంలో, నితిన్ కథానాయకుడుగా 2021లో వచ్చిన ‘మాస్ట్రో’ను ఇంటిలోనే కూర్చుండి చూశాము. అప్పుడు భోజనాల వేళ రేగిన చర్చయే ఈ మాసపు వ్యాసమునకు ఆధారం.

చర్చ ‘ఫిల్మ్ న్వార్’ అన్న మాట దగ్గర మొదలైంది. ఫ్రెంచి భాషలో దానికి ‘నల్లని చిత్రం’ అని అర్థం. యుద్ధకాలంలో ఫ్రాన్సుకు చేరని అమెరికన్ నేరచిత్రాలు యుద్ధం ముగిసిన పిమ్మట ఒక్కుమ్మడిగా వచ్చి పడగా, 1946లో నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు వాటికి ఆ పేరు పెట్టాడు. బిల్లీ వైల్డర్ తీసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944) వాటిలో ప్రసిద్ధమైనది. అందులో ఒక బీమా ఏజెంటు పరుని ఇల్లాలి మాయలో పడి, ఆమె భర్తను చంపుటకు పూనుకొంటాడు. కిటికీ పట్టీల నీడలు అతని మీద జైలు ఊచలవలె పడుతుంటాయి.

“అంధాధున్‌లో ఆ చీకటి ఎక్కడుంది నాన్నగారూ? అంతా పట్టపగలే కదా!” అన్నాడు మా అబ్బాయి.

నిజమే. పూణేలో వెలుతురు నిండిన ఒక ఇల్లు. గ్రుడ్డివానిగా నటిస్తున్న ఆకాశ్ అక్కడ పియానో వాయిస్తుంటాడు. ఆ యింటి యజమాని, ఒకనాటి సినిమా నటుడు, శవమై పడి ఉంటాడు. అతని భార్య సిమీ, ఆమె ప్రియుడు సైగలతోనే మాట్లాడుకొంటూ నెత్తురు తుడిచి, శవాన్ని పెట్టెలో సర్దుతారు. ఆకాశ్ సర్వమూ చూస్తున్నాడు. చూస్తున్నట్లు తెలిస్తే ప్రాణం దక్కదు. కనుక వ్రేళ్లు ఆగరాదు, ముఖం మారరాదు. మనకు నవ్వు వస్తుంది, ఆ నవ్వుకు వెంటనే సిగ్గూ కలుగుతుంది. పాత చిత్రాలలో నీడలు చేసిన పనిని ఇక్కడ అతని అబద్ధమే చేసిపెట్టింది.

(హతుని పాత్ర ధరించిన అనిల్ ధావన్ నిజంగానే 1970ల నాటి కథానాయకుడు. చిత్రంలో అతని పాత పాటలే చూపుతారు. ‘చిత్రహార్’ కోసం పొరుగింటి టీవీ ముందు చేరిన మా తరానికి అదొక కానుక.)

సిమీగా టబూ నటించింది. హైదరాబాదులో పుట్టిన ఈమె ‘కూలీ నెం.1’ (1991), ‘నిన్నే పెళ్లాడతా’ (1996) చిత్రాల ద్వారా మనకు చిరపరిచిత. ఆమెలో మాయలాడి కంటె, ఒక తప్పును కప్పుకొనుటకు మరొక తప్పు చేస్తూ పోయే కంగారు ఇల్లాలే కనిపిస్తుంది. భయం పుట్టేది అందువల్లనే. తెలుగులో తమన్నా ఆ పాత్రను శ్రద్ధగా పోషించింది. అయితే నితిన్‌ను చూడగానే మంచివాడని మన మనసు ముందే ఒప్పేసుకొంటుంది. కథానాయకుని శంకించవలసిన కథకు అది లోటే అని నా అభిప్రాయం.

అప్పుడు మా ఆవిడ అడిగింది: “ఏమండీ, ఆ శవాన్ని మీరు చూచి ఉంటే వాయించడం ఆపేవారా?”

చాలా సంవత్సరాల క్రిందట, వేరొక చోట పనిచేస్తున్న రోజులలో, బరువులెత్తే యంత్రపు ఉక్కుతాడులో పోగులు లేచి ఉండుట షిఫ్టు చివరలో నా కంటబడింది. తరువాతి షిఫ్టువారు చూసుకొంటారులే అని రిజిస్టరులో వ్రాయకుండానే ఇంటికి వచ్చేశాను. మరునాడు తాడు తెగింది. అదృష్టవశాత్తు క్రింద ఎవరూ లేరు. “ముందుగా ఎవరైనా గమనించారా?” అని విచారణలో అడిగినప్పుడు, అందరితోపాటు నేనూ తల అడ్డంగా ఊపాను. ఈ సంగతి మా ఆవిడకు ఆ రాత్రి భోజనాల దగ్గరే మొదటిసారి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. అబ్బాయి మాత్రం కంచం ముందు నుండి లేవకుండా నావైపే చూస్తూ కూర్చున్నాడు.

‘అంధాధున్’ ముగింపులో ఆకాశ్‌కు చూపు ఉన్నదా, లేదా అన్నది మా ఇంట ఇంకా తేలలేదు. ఉన్నదని అబ్బాయి, లేదని మా ఆవిడ. వచ్చే ఆదివారం మరొకసారి చూడవలెనని నిశ్చయించుకొన్నాము.