వరదకు ముందే చేయవలసిన పరిచర్య

వరద తగ్గిన తరువాత మన సంఘాలు త్వరగానే కదులుతాయి. బియ్యం, దుప్పట్లు, బట్టలు పోగుచేసి వ్యాను కట్టించుకుని వెళ్తాం. అది మంచి పనే. కాని మళ్లీ వరదకు అదే పేటకు, అవే ఇళ్లకు దుప్పట్లు మోయవలసి వస్తే, మనం చేసింది సగం సహాయమేనని ఒప్పుకోవాలి.

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులకు చేరింది. ధవళేశ్వరం బ్యారేజీ దాటి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రం వైపు పరుగెత్తింది. కోనసీమలో లంక గ్రామాలు, గౌతమి ఒడ్డున యానాంలో పల్లపు కాలనీలు మునిగాయి. ఆ వరద చెప్పకుండా రాలేదు. భద్రాచలం నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ధవళేశ్వరం వద్ద 11.75 అడుగులకు మొదటి, 13.75కు రెండవ, 17.75కు మూడవ ప్రమాద హెచ్చరిక ఇస్తారు.

అయితే లంకలో ఒంటరిగా ఉన్న ఒక అవ్వకు ఆ అంకెలు ఏం చెబుతాయి? రెండవ హెచ్చరిక అంటే తన వాకిట్లోకి నీరు వస్తుందా? దారి మునుగుతుందా? పడవ ఎవరు తెస్తారు? ఈ జవాబులు బయటినుండి వెళ్లిన మన దగ్గర లేవు. 1986లో ఏ గోడ మీద ఎంత నీరు నిలిచిందో ఆ ఊరి పెద్దలకు తెలుసు. కాబట్టి యువతీయువకులారా, ముందు వారి మాట వినండి.

ఆ తరువాత వారితో కలిసి పని మొదలుపెట్టండి. పాత వరద మట్టాలను గోడల మీద రంగుతో గుర్తించండి. ఏ హెచ్చరికకు ఏ వీధి కదలాలో పేటంతా కూర్చుని తీర్మానించుకోవాలి. నడవలేనివారు, గర్భిణులు, పసిబిడ్డల తల్లులు ఎవరో రాసి, ఒక్కొక్కరికి ఇద్దరు పొరుగువారిని బాధ్యులుగా పెట్టాలి. పశువులను ఏటిగట్టు మీదికి ఎప్పుడు తోలాలి, పట్టా, రేషన్ కార్డు ఎక్కడ దాచాలి అన్నదీ ముందే అనుకోవాలి. వీటికి పెద్ద ఖర్చు లేదు.

గట్టు బలహీనంగా ఉంటే, మురుగు కాలువ పూడిపోతే, అది దానధర్మంతో తీరేది కాదు. అది ప్రజల హక్కు. వేసవిలోనే అర్జీ పెట్టి, పని జరిగేవరకు వెంటపడాలి. హెచ్చరిక వెలువడేది ఆంధ్రలోని ధవళేశ్వరంలో, యానాం ఉన్నది పుదుచ్చేరి పాలనలో. నదికి ఈ సరిహద్దు లేదు. ఆ కబురు ఆలస్యం కాకుండా చివరి ఇంటికి చేరేలా చూడడం యానాంలోని మన యౌవనస్థులు చేయగలిగిన పని.

మరొక మాట. పేటలో గట్టి స్లాబు ఉన్న కట్టడం మన మందిరమే అయితే, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఊరందరికీ తెలియాలి. కులం, మతం అడగకుండా తలుపు తెరవాలి.

నోవహు వాన మొదలయ్యాక ఓడ కట్టలేదు. మనమూ ఈ వేసవిలోనే మొదలుపెడదాం.