బొల్లారంలో రాష్ట్రపతి ఇల్లు

రాష్ట్రపతి ఇల్లు ఎక్కడుంటుంది? ఢిల్లీలో. ఆ మాట నిజమే కానీ, ఆయనకో ఆమెకో మన సికింద్రాబాద్‌లోనూ ఒక ఇల్లుంది. తిరుమలగిరి దాటి బొల్లారం వైపు వెళ్లేవాళ్లకు తెలిసిన ఇల్లే... రాష్ట్రపతి నిలయం! సిమ్లా దగ్గర మషోబ్రాలో మరొకటి ఉంది.

బొల్లారం భవనాన్ని 1860లో కట్టారు. అంతకు మూడేళ్ల ముందే, 1857 జులైలో, తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో జనం కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. నిజాం దర్బారులో తెల్లదొరల ప్రతినిధే రెసిడెంటు. ఆయనకు ఊరికి దూరంగా, కంటోన్మెంటు సైన్యం అండలో విడిదిగా ఉండేదీ ఇల్లు. స్వాతంత్య్రం వచ్చాక దీన్ని నిజాం నుంచి తీసుకుని రాష్ట్రపతి సచివాలయానికి అప్పగించారు. ఏడాదికోసారైనా రాష్ట్రపతి దక్షిణాదికి వచ్చి ఇక్కడ బస చేయడం ఆనవాయితీ అయింది.

మేడలూ గోపురాలూ ఊహించుకుని వెళ్తే ఆశ్చర్యపోతారు. సుమారు 90 ఎకరాల తోట మధ్య ఉన్నది ఒకే అంతస్తు, పదకొండు గదులు! దర్బారు హాలు, భోజనశాల, సినిమా హాలు కూడా ఉన్నాయనుకోండి. వీటన్నిటికన్నా చూడాల్సింది మాత్రం వంటింటి సొరంగం. వంటశాల వేరుగా ఉండేది. వండినవి నేల కిందుగా భోజనశాలకు చేరేవి. పళ్లేలు మోసినవాళ్ల అడుగుల చప్పుడు పైన విందారగించే దొరలకు వినిపించేది కాదేమో! ఇప్పుడా సొరంగం గోడల మీద మన చేర్యాల బొమ్మలు కొలువుదీరాయి.

దశాబ్దాలపాటు ఈ గేట్లు జనానికి ఏటా కొద్దిరోజులే తెరుచుకునేవి. 2023 ఉగాది నాడు రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఏడాది పొడవునా సందర్శకుల్ని అనుమతించే ఏర్పాటును ప్రారంభించారు. రాష్ట్రపతి బస చేసే రోజుల్లో మాత్రం ప్రవేశం ఉండదు. అదే ఏడాది డిసెంబరులో, హైదరాబాద్ విలీనానికి గుర్తుగా 120 అడుగుల టేకు జెండా స్తంభం నమూనాను నిలబెట్టారు.

తోటలో నక్షత్రవనం ఉంది. ఇరవయ్యేడు నక్షత్రాలకూ ఒక్కో మొక్క. రోహిణికి నేరేడు, పుష్యమికి రావి... ఎవరి చెట్టు దగ్గర వాళ్లు నిలబడి ఫొటో దిగొచ్చు. పాత దిగుడుబావుల్ని బాగుచేసి, మోటతో నీళ్లు తోడే పద్ధతినీ మళ్లీ తెచ్చారు. మోట అంటే ఏంటని పిల్లలు అడుగుతారు కాబట్టి, వెళ్లేటప్పుడు తాతయ్యనూ వెంట తీసుకెళ్లండి!