మయసభలో ఒక దినము

గడచిన మాసమున ఈ శీర్షిక క్రింద బొమ్మల కొలువును గూర్చి ముచ్చటించితిని. అది చదివిన కొందరు, సెలవులలో పిల్లల నెక్కడికి తీసికొని పోవలెనో అదియును వ్రాయుమని యడిగిరి. మేమీ దసరా సెలవులలో రామోజీ ఫిల్ముసిటీ చూచి వచ్చితిమి. అచ్చట చూచినవానిని గూర్చి వ్రాసెదను. అచ్చట నేను చేసిన యొక పనిని గూర్చి కూడ వ్రాయక తప్పదు.

బడిపంతులుగారి యింట వినోదయాత్ర యనగా మొదట జరుగునది లెక్క. టిక్కెట్టు పెద్దలకు తలకు వేయి రూపాయలకు పైబడినది. దానిపై రానుపోను బస్సు ఛార్జీలు, మధ్యాహ్న భోజనము. మా వారు కాగితము ముందు పెట్టుకొని, మేమిద్దరము, పిల్లలిద్దరు, అత్తగారు, వెరసి అయిదుగురు అని వ్రాసిరి. నేను, "అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు గదా, అంత నడక వారికేల?" అంటిని. మాట దయగానే వినబడినది. కాని నా మనస్సున నుండినది మోకాలు కాదు, ఒక టిక్కెట్టు. రెండు దినములు గడచిన పిమ్మట నేనే మాట మార్చితిని. అదియును దయచేత కాదు. మేము యంత్రము లెక్కునపుడు సంచులకడ నెవరైన కూర్చుండవలెను. అత్తగా రుండినచో నేనును పిల్లలతోపాటు ఎక్కవచ్చునని తోచినది. మీ యిండ్లలో నెట్లో నే నెరుగను. మా యింట పెద్దవారికి ప్రయాణము కలుగుట తరచుగా నీ లెక్కమీదనే.

మామగారు గతించి ఆరేండ్లయినది. నాటి నుండి అత్తగారు పేరంటములకు పోరు. పెండ్లిండ్లలో వెనుక వరుసన కూర్చుందురు. వెనుకకు పొమ్మన్నవారు లేరు, ముందునకు రమ్మన్నవారును లేరు. "నీవును రావలె" నని కుమారుడు చెప్పగానే వారు పెట్టె తెరచి, మడత నలగని యొక నీలపు అంచు చీర తీసి బయట పెట్టుకొనిరి. ఆ చీర యున్నదని కూడ నాకు తెలియదు.

తెల్లవారుజామున కోదాడలో బస్సెక్కితిమి. అత్తగారు కలిపిన పులిహోర త్రోవలోనే తినివేసితిమి. ఈ ఫిల్ముసిటీ హైదరాబాదునకు తూర్పున, విజయవాడ పోవు రహదారి ప్రక్కననే యుండుటచేత మా వైపు నుండి పోవువారికి నగరములోనికి పోవలసిన పని లేదు. దీనిని 1996లో చెరుకూరి రామోజీరావుగారు స్థాపించిరి. వారు 2024లో పరలోకగతులైరి. చలనచిత్ర నిర్మాణ స్థలములలో లోకమున కెల్ల పెద్దదని గిన్నిసు గ్రంథమున కెక్కినది. విస్తీర్ణము 1,666 ఎకరములు. ద్వారముకడ దిగినవారిని బస్సులలో నెక్కించుకొని గుట్టల నడుమ చాల దూరము లోపలికి తీసికొని పోవుదురు. నడక మాత్రము తప్పదు. క్రొత్త చెప్పులు తొడుగుకొని పోవలదు. మా అమ్మాయి తొడుగుకొని వచ్చి పదిగంటలకే కుంటినది.

ఇక చూచినవి. వీధులకు వీధులు, మేడలకు మేడలు, కోవెలలు, ఉద్యానవనములు. బాహుబలి చిత్రముల కొరకు కట్టిన మాహిష్మతీ నగరపు ప్రాకారములును నిలిచియున్నవి. ఆ చిత్రములు 2015లోను 2017లోను వచ్చినవని పిల్లలే చెప్పిరి. దూరమున నుండి చూడగా నల్లరాతి కోట. మా అమ్మాయి దగ్గరకు పోయి వ్రేలితో తట్టగా డబ్బా మ్రోగినట్లు మ్రోగినది. కొయ్య చట్రములు నిలిపి, పైన ప్లాస్టరు పూసియో, ఫైబరుతో అచ్చులు పోసియో, రాతి రంగు వేయుదురట. కన్ను చూచునంత మేరకే గోడ. ఆ వెనుక గుంజలును త్రాళ్ళును. ఒకే కట్టడమునకు ఒక ప్రక్క విమానాశ్రయపు ముఖమును, వేరొక ప్రక్క ఆసుపత్రి ముఖమును పెట్టిరి. చిన్నవాడు రెండు మారులు చుట్టు తిరిగి వచ్చి, "లోపల డాక్టరు లేడమ్మా" అని కొంత బెంగగా చెప్పినాడు.

నాకు సభాపర్వము జ్ఞప్తికి వచ్చినది. ఖాండవము కాలునపుడు ప్రాణములు దక్కిన మయుడు ధర్మరాజునకు పదునాలుగు మాసములలో సభ కట్టియిచ్చెను. సుయోధనుడు స్ఫటికపు నేలను నీరనుకొని బట్టలెత్తి పట్టెను. నీటిని నేలయనుకొని అందులో పడెను. అప్పుడు ద్రౌపది నవ్వినదనియు, ఆ నవ్వే కురుక్షేత్రమునకు మూలమనియు మన నాటకములవా రందురు. సంస్కృత మూలమున ఆ చోట నవ్వినవారు భీమార్జునులును కవలును. ద్రౌపదియు తోడి స్త్రీలతో నవ్వినదని పిమ్మట దుర్యోధనుడు తండ్రియొద్ద చెప్పుకొనును. నలుగురు మగవారు నవ్విన నవ్వు ఒక యాడుదాని నెత్తిన నెట్లు పడినదో పండితులు చెప్పవలెను. ఈ సంగతి మా వారితో ననగా, "సెలవులలో కూడ నీవు భారతము విడువవా?" అని నడక సాగించిరి.

గిరగిర త్రిప్పెడి యంత్రముల కడకు పోయితిమి. కొన్నిటికి పిల్లల పొడుగు కొలిచి పంపుదురు. మనలను పట్టియుంచు కడ్డీ పెద్దవారి దేహమునకు సరిపడునట్లు చేసినది. చిన్నవా డందులో జారిపోవును. ఆ మాట ఎంత చెప్పినను మావాడు వినక, వ్రేళ్ళపై నిలుచుండి కొలత నందుకొన జూచి, తుదకు ఏడ్చినాడు. వానిని అత్తగారి యొడిలో కూర్చుండబెట్టి, నాలుగు సంచులును ప్రక్కన చేర్చి, మేము ముగ్గురమును ఎక్కితిమి. నాకు భయమయినది, సంతోషమును అయినది. దిగి వచ్చిన పిమ్మట అత్తగారు, "పైనుంచి ఏం కనబడిందే?" అని యడిగిరి. వారి మాటలను వారి నోట వచ్చినట్లే వ్రాయుచున్నాను. నేను "చెట్లు" అని చెప్పి మంచినీళ్ళ సీసా అందుకొంటిని.

మధ్యాహ్నము మీరిన తరువాత చలనచిత్రము నెట్లు తీయుదురో చూపెడి శాలకు పోయితిమి. ఇది తప్పక చూడవలసినది. మొదటి గదిలో వేదికపై నొక బండి యున్నది, గుఱ్ఱము లేదు. 1975 నాటి షోలే చిత్రమున బసంతి యను టాంగా తోలు పిల్లను దొంగలు తరుముదురే, అట్టి పరుగును మన యెదుటనే చిత్రించి చూపుదురు. నిర్వాహకుడు మైకు పట్టుకొని, "ఆడవారిలో ఎవరైనా ఒకరు వచ్చి బండి తోలండి" అని పిలిచెను. ఎవరును కదలరైరి. పడుచువారు ఒండొరులను త్రోసికొని నవ్వుచుండిరి. అత్తగారు ఒడిలోని సంచి నా చేతిలో పెట్టి, "ఇది పట్టుకో" అని లేచిరి.

నేను వారి కొంగు పట్టి లాగితిని.

"అత్తయ్యా, కూర్చోండి. నలుగురూ ఉన్నారు" అంటిని.

"నలుగురూ ఉంటేనే కదే నాటకం" అని వారు కొంగు విడిపించుకొని మెట్లెక్కిరి.

నాకు చెమటలు పోసినవి. మా వారు తలవంచుకొని సెల్ ఫోను చూచుకొనసాగిరి. నా కప్పుడు తోచినదేమో దాచక వ్రాసెదను: విధవ, అరువదియెనిమిదేండ్లది, ఇందరిలో వేదిక యెక్కినదని మా యూరివా రెవరైన చూచిరా యని వెనుదిరిగి చూచితిని. భారతము చదివినదానను, ద్రౌపది పక్షమున వాదించినదానను! 1913లో ఫాల్కేగారు రాజా హరిశ్చంద్ర తీసినపుడు తారామతి వేషమునకు స్త్రీ దొరకక, సాలుంకే యను వంటశాల పనివానికి చీర కట్టించి నిలిపిరి. మన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో వచ్చినది. అందులో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి స్త్రీలే స్త్రీవేషములు కట్టెడి నాటక కుటుంబములలో పెరిగినది కనుక సంకోచింపలేదు. ఈ చరిత్ర నేను పిల్లలకు కథగా చెప్పుదును. చెప్పునపుడు నేను కమలాబాయి వైపువారమనియే యనుకొందును.

వేదికమీద నొక కుఱ్ఱవాడు పగ్గములు అత్తగారి కందిచ్చి, ఎట్లు పట్టవలెనో చూపబోయెను. వారు వాని చేయి త్రోసి, "అలా కాదు నాయనా, అలా పట్టుకుంటే ఎడ్లు ఒకపక్కకి లాగేస్తాయి" అని పగ్గములను వ్రేళ్ళ సందున త్రిప్పుకొని, చర్నాకోల కుడిచేతికి మార్చుకొనిరి. గదిలో నందరును నవ్విరి. మా అమ్మాయి చప్పట్లు చరచినది. ఇద్దరు మనుష్యులు బండిని క్రిందనుండి ఊపుచుండగా, పెద్ద పంకా గాలికి నీలపు అంచు చీర యెగురుచుండగా, అత్తగారు ముందునకు వంగి అదిలించిరి. ఆ యదిలింపు నిర్వాహకుడు నేర్పినది కాదు. పొలము గట్టుమీద నుండి వచ్చినది.

రెండవ గదిలో శబ్దములు కూర్చిరి. కొబ్బరి చిప్పలు రెండు తట్టిన గుఱ్ఱపు డెక్కల చప్పుడు. పలుచని రేకు నాడించిన ఉరుము. ఇట్లు శబ్దములను వేరుగా చేసి చిత్రమునకు చేర్చెడి విద్యకు జాక్ ఫోలీ యను అమెరికా దేశస్థుని పేర ఫోలీ యని పేరు. చిన్నవానికి కొబ్బరి చిప్పలు దొరకగా పొడుగు తగ్గిన దుఃఖమంతయు మరచినాడు. మూడవ గదిలో తెరమీద చూపిరి. ముందే తీసిపెట్టిన పరుగుల దృశ్యములను నడుమ నడుమ అతికినందున, ఊగిన కొయ్యబండి నిజముగ రాళ్ళమీద పరుగెత్తినట్లు కనబడినది. ఆ బండిలో మా అత్తగారు. అంత దగ్గరగా, అంత పెద్దగా వారి ముఖమును నేనెన్నడును చూచియుండలేదు. ఎడమ కనుబొమపైన చిన్న మచ్చ యున్నది. పదునైదేండ్లుగా ఒక్క యింటిలో నున్నదానను.

తిరుగు బస్సులో మా అమ్మాయి నాయనమ్మను విడువలేదు. అప్పుడు వినవచ్చినది. అత్తగారి పుట్టినింట ఒక జత యెడ్లుండెడివట, గంగడు, మల్లడు. అన్నదమ్ములు లేనందున పండ్రెండవ యేట నుండి వారే బండి కట్టి పొలమునకు ఎరువు తోలెడివారట. పదునారవ యేట మా యింటికి కోడలై వచ్చిన తరువాత, ఒకనాడు నూర్పిళ్ళవేళ బండివాడు రాకపోగా వారే పగ్గములు పట్టిరట. అప్పటి అత్తగారు వీధిలోనికి వచ్చి, "దిగు, నలుగురూ చూస్తారు" అని దింపిరట. ఆ తరువాత నెన్నడును పట్టలేదు. మా వారు, "ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేమమ్మా?" అనిరి. "అడిగితే కదరా" అని అత్తగారు పిల్లవాని కాళ్ళమీద శాలువ కప్పిరి.

సూర్యాపేట దాటిన పిదప అందరును నిద్రపోయిరి. నేనును అత్తగారును మేలుకొని యుంటిమి. సంచులు నాలుగును నా కాళ్ళకడ నుండెను. కొంతసేపటికి వారు కిటికీలోనుండి చూచుచునే, "నా కొంగెందుకు లాగావే?" అని మెల్లగా నడిగిరి.

"జారిపోతోందని సర్దబోయానత్తయ్యా" అంటిని.

"అలాగా" అని వారు కొంగు భుజమునిండ కప్పుకొనిరి.

నా మాట అబద్ధమని వారెరుగుదురు. మా యింటికి ఈ పత్రిక వచ్చినపుడు కట్టు విప్పి ముందుగా చదువువారు మా అత్తగారే.