డాన్యూబు గట్టున మా భోజనములు



ఈ నెల మన ముచ్చట వంటయింటిదే గాని, ఆ వంటయిల్లు మన దేశములోనిది కాదు. హంగేరీ దేశపు రాజధాని యగు బుడాపెష్టు నగరమునందు మా మఱిది చదువుకొనుచున్నాడు. గత వేసవి సెలవులలో మావారును మేమును అతనిని చూడబోయి పదునొకండు దినము లచ్చట నుంటిమి. తిరిగి వచ్చినది మొదలు మమ్ము పలుకరించిన ప్రతి యిల్లాలును రాజభవనముల సంగతి తరువాత నడిగి, ముందుగా "అచ్చట మీ రేమి తింటిరి? ఎచ్చట తింటిరి?" అని యడుగుచున్నది. ఆ ప్రశ్నకే యీ నెల సమాధానము వ్రాయుచున్నాము.

బయలుదేరునాడు మా యత్తగారు మడిబట్టతోనే వీథి గుమ్మము వఱకు వచ్చి ఒక్క మాట చెప్పిరి: "దూరదేశము. అన్నియు మన చేతిలో నుండవు. కాని యమ్మా, తినినది ఏదో తెలిసి తినుము." ఆ మాట ఎంత బరువైనదో మాకప్పుడు తెలియలేదు.

ముందుగా ఊరిని గుఱించి రెండు మాటలు. డాన్యూబు నదిని అచ్చటివారు దునా యందురు. నదికి పడమట బుడా, కొండల మీది పాత కోట. తూర్పున పెష్టు, సమతలపు వర్తకపు పట్టణము. ఈ రెండును, ఓబుడా యను మఱియొక పాత ఊరును 1873 సంవత్సరమున కలిసి ఒక్క నగరమైనవి. రెండు గట్టులను మొదట శాశ్వతముగా కలిపినది 1849లో తెఱచిన గొలుసు వంతెన. 1945 జనవరిలో జర్మను సేనలు వెనుకకు పోవుచు దానిని కూల్చివేయగా, మరల కట్టి సరిగా నూఱేండ్లకు, 1949లో తెఱచిరి.

పెష్టు గట్టు వెంబడి రెండవ నెంబరు ట్రాము నడచును. ఒక్క టిక్కెట్టుతో నది యందమంతయు చూడవచ్చును. పార్లమెంటు భవనమునకు కొంత దిగువను గట్టు అంచున ఇనుముతో పోతపోసిన అఱువది జతల చెప్పులు వరుసగా నున్నవి. 1944-45 చలికాలమున అచ్చటి దుండగపు దళమువారు యూదులను గట్టుపై నిలిపి, చెప్పులు విడిపించి, కాల్చి నదిలో త్రోసిరి. వారి జ్ఞాపకార్థము 2005లో ఈ చెప్పులు పెట్టబడినవి. వానిలో పసిబిడ్డల చెప్పులు కూడ నున్నవి. వానిని చూచినపుడు మాకు నోట మాట రాలేదు. తరువాత ఒక గంట వఱకు భోజనపు మాట ఎవరును ఎత్తలేదు.

ఆ సాయంకాలమే మాకు మొదటి పాఠము కలిగినది. దీపములు వెలిగిన వంతెన కెదురుగా, నీటి యంచున తెల్లని బల్లగుడ్డలు పఱచిన ఒక పెద్ద హోటలు. మఱిది చదువు ముగించుకొని వచ్చుటకు ఆలస్యమగునని మమ్ముల నచ్చట కూర్చుండుమనెను. ఆకలి వేయుచుండెను. చిక్కుడుగింజల చారు కలదని పట్టికలో చూచి, వడ్డించువానిని "ఇందులో మాంసమున్నదా?" అని యింగ్లీషులో నడిగితిమి. "లేదు" అని యాతడు మర్యాదగా చెప్పెను. చారు వచ్చినది. ఎఱ్ఱగా, చిక్కగా, కమ్మగా నున్నది. ఏడెనిమిది చెంచాలు తింటిమి. ఇంతలో మఱిది వచ్చి, గిన్నె చూచి, ముఖము మార్చుకొని, వడ్డించువానితో ఆ భాషలో నేమో మాటలాడెను. పొగబెట్టిన పందియెముకను గింజలతోపాటు ఉడికించి, తరువాత తీసివేయుదురట. గిన్నెలో మాంసపు ముక్క లేదు గనుక ఆ వడ్డించువాడు తన లెక్క ప్రకారము సత్యమే చెప్పినాడు.

చెంచా క్రింద పెట్టితిమి. ఆ రాత్రి మేమేమియు తినలేదు, నిద్రయు పట్టలేదు. ఊరిమీద కోపము, వడ్డించువానిమీద కోపము, ఆ చారు రుచిగా నున్నందుకు మా నాలుకమీద కోపము. మావారు చాలసేపు ఊరకుండి, "బడిలో పిల్లవాడు తప్పు జవాబు చెప్పినపుడు, నా ప్రశ్న సరిగా నున్నదా యని ముందు చూచుకొందును" అనిరి. అప్పుడా మాటకు ఒళ్లు మండినది గాని, తెల్లవాఱునప్పటికి నిజమే యని తోచినది. మనలో ఒంటిపూట యుండువారు రాత్రి "అన్నము తినము" అని చెప్పి, బియ్యపురవ్వతో చేసిన ఉప్పుడుపిండి తినుట లేదా? అన్నమను మాటకు మనము గీత గీచుకొన్నట్లే, మాంసమను మాటకు వారును గీత గీచుకొన్నారు. ఆ గీత యెచ్చట నున్నదో కనుగొనకుండ అడిగితిమి.

మఱునాడు మఱిది ఒక చిన్న కాగితముమీద ఆ దేశభాషలో మూడు ప్రశ్నలు వ్రాసి యిచ్చెను. మొదటిది, దీనిని ఏ నీటిలో ఉడికించిరి? రెండవది, ఏ కొవ్వులో వేయించిరి? మూడవది, దీనిలో గ్రుడ్డు కలదా? ఆ దేశమున పందికొవ్వు వంటలో మన నేతివలె వాడుక. దానిని ఝీర్ అందురు. మాంసము లేకుండ అనుటకు "హూష్ నేల్క్యుల్" అందురు. కాని ఆ రెండు మాటలు మాత్రమే చాలవని మాకు అనుభవమైనది. ఆ కాగితము తక్కిన పదిదినములును మా చేతిసంచిలో నుండినది.

ఇక తినదగిన చోటులు. మొదట చూడవలసినది నడిబొడ్డు సంతశాల. 1897లో తెఱచిన ఇనుప దూలముల పెద్ద కట్టడము. రంగు రంగుల పెంకుల కప్పు. ఆకుపచ్చ వంతెన ప్రక్కనే నున్నది, ట్రాము అచ్చట ఆగును. క్రింది అంతస్తున కూరగాయలు, పండ్లు, మిరపపొడి. మాంసపు అంగళ్లు కూడ నున్నవి గనుక అలవాటు లేనివారు నడిమి దారిన గబగబ నడచిపోవలెను. నేలక్రింది అంతస్తున ఊరుగాయలు. అవి మన యూరుగాయలు కావు, ఉప్పునీటిలోను పులినీటిలోను ఊరబెట్టిన దోసకాయ, క్యాబేజీ, మిరప. పై అంతస్తున తినుబండారములు. అచ్చట లాంగోష్ అను పెద్ద పూరీ వంటిది వేయింతురు. పులియబెట్టిన గోధుమపిండిని చేతితో సాగదీసి, నూనెలో వేయించి, పైన వెల్లుల్లినీరు రాచి, చిక్కని పుల్లమీగడయు జున్నుతురుమును వేయుదురు. పూర్వము రొట్టెలు కాల్చునాడు మిగిలిన పిండిముద్దను పొయ్యి మంటల యెదుట కాల్చెడివారట. "లాంగ్" అనగా మంట, పేరు దానివలన వచ్చినదే. మేము కాగితము చూపగా ఆ యంగడి మనిషి నూనెసీసా ఎత్తి చూపెను. నిలుచుండియే తింటిమి. ఒకటి ఇద్దరికి చాలును.

రెండవది, మాకు అన్నిటికంటె నచ్చినది, ఎత్కెజ్దె యను చిన్న పూటకూళ్లయిల్లు. ఇవి నదిగట్టున నుండవు. వెనుకటి వీథులలో గళ్ల బల్లగుడ్డలు, చేతితో వ్రాసిన వంటల పట్టిక, నాలుగైదు బల్లలు. పనిదినములలో మధ్యాహ్నభోజనమునకు చుట్టుప్రక్కల ఉద్యోగులును వృద్ధులును వత్తురు. గట్టుమీది హోటలులో ఇద్దరము ఒక పూట తిను ఖర్చుతో ఇచ్చట రెండు మూడు పూటలు గడుపవచ్చును. బడిపంతులు జీతములో కూడబెట్టి పోయినవారము గనుక ఈ సంగతి మాకు చిన్నది కాదు.

ఇచ్చట ఫ్యొజెలేక్ అను వంట కలదు. కూరగాయను ఉడికించి, పిండితోను పుల్లమీగడతోను చిక్కపఱచిన కూర. మన మజ్జిగపులుసునకు దూరపు చుట్టమని చెప్పవచ్చును. మేము పోయిన యింట వంట చేయు పెద్దావిడ మా కాగితమును రెండుసార్లు చదివి, ఏమియు మాటలాడక మా చేయి పట్టుకొని వంటయింటి గడప కడకు కొనిపోయెను. పొయ్యిమీద మూడు గిన్నెలు. చిఱుసెనగల వంటి పప్పు గిన్నెను చూపి తల అడ్డముగా ఊపెను. పాలకూర గిన్నెను చూపి కొంత ఆలోచించి మరల అడ్డముగా ఊపెను. సొరకాయ జాతి కాయతో చేసిన మూడవ గిన్నెను చూపి, ప్రక్కనున్న నూనెసీసాను తట్టి, నవ్వెను. ఆ గిన్నెలోనిదే రొట్టెతో తింటిమి. నాలుగవనాడు మేము పోవునప్పటికి, మాకై పప్పును వేఱు గిన్నెలో, ఎముక వేయకుండ, వండి యుంచినది. భాష తెలియదు, పేరు తెలియదు. కడుపు నిండుటకు అవి యడ్డురాలేదు.

మిరపపొడి మాట చెప్పక తప్పదు. దానిని పప్రికా యందురు. మిరప పుట్టినిల్లు అమెరికా ఖండము. పోర్చుగీసువారి వలన మన దేశమునకు వచ్చినట్లే, తురుష్కుల పాలనాకాలమున హంగేరీకి చేరినది. మన గుంటూరు కారము వలె మండదు. ఎక్కువ రకములు తియ్యగా, ఎఱ్ఱగా నుండును. ఇంకొక ముచ్చట. సెగెడ్ అను ఊరిలో సెంట్ గ్యోర్గీ యను శాస్త్రజ్ఞుడు ఒక రాత్రి భోజనమున పెట్టిన పచ్చిమిరపను తినుట కిష్టము లేక, తన ప్రయోగశాలకు పట్టుకొనిపోయి పరీక్షించెనట. అందులో సి విటమిను మెండుగా దొరకినది. ఆ సంగతి ఆయనయే చెప్పుకొనినాడు. 1937లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది. విస్తరిలో కూర వదలివేయు మగవారందఱును ఇట్టి పని చేసిన మనకు చింతయే లేదు!

తీపి వంటలలో గసగసాలు అచ్చటివారికి ప్రాణము. మనము కూరలో చెంచాడు వేయుదుము. వారు గిన్నెడు నూఱి చక్కెరతో కలిపి, పలుచని పొరల రొట్టెలో చుట్టి కాల్తురు. జున్నుతో చేసినదియు, పుల్లచెర్రీలతో చేసినదియు కలవు. వీనిని రేతెష్ అందురు. పిండిలో గ్రుడ్డో కొవ్వో కలియవచ్చును గనుక మూడు ప్రశ్నలును అడుగవలెను. దోబోష్ అనువాడు కనిపెట్టిన పేరుగాంచిన కేకులో గ్రుడ్లు తప్పవు. మేము అద్దములోనుండి చూచి తృప్తిపడితిమి. 1894లో తెఱచిన న్యూయార్కు కాఫీశాల యొకటి కలదు. బంగారుపూత స్తంభములు, చిత్రపు కప్పులు. పూర్వము రచయితలు, పత్రికలవారు అచ్చట కూర్చుండి వ్రాసెడివారు. అది చూడదగినదే గాని, కాఫీ వెల విని మావారు నీళ్లే చాలుననిరి. కొళాయి నీరు ఆ ఊర నిర్భయముగా త్రాగవచ్చును.

పోదలచినవారికి మఱి కొన్ని మాటలు. అచ్చటి నాణెము ఫోరింటు, యూరో కాదు. వెలలు వ్రాయని పట్టిక గల చోట కూర్చుండవలదు. సేవారుసుము బిల్లులోనే చేర్చుట కలదు గనుక చూడక మరల ఇనాము ఇయ్యవలదు. నది యెదుట కూర్చుండవలెనన్న కోరిక యుండిన, సంతలో రొట్టె, పండ్లు, జున్ను కొనుక్కొని గట్టు మెట్లమీదనో, నది నడుమనున్న మార్గరెట్టు లంకలో చెట్ల క్రిందనో తినవచ్చును. మేము మూడు సాయంకాలము లట్లే చేసితిమి. అన్నిటికంటె ముఖ్యము, వండినవారిని అడుగగలిగిన చోట తినుడు. వంటయింటి గడప దూరమైన కొలది సమాధానమును అంతంత అస్పష్టమగును.

వచ్చునాడు ఆ పెద్దావిడకు మేము తీసికొనిపోయిన గుంటూరు కారము పొట్లమిచ్చితిమి. వేలితో అద్ది నోట వేసికొని, కన్నుల నీరు కార్చుకొనుచు నవ్వి, మాకొక పప్రికా పొట్ల మిచ్చినది.

ఇంటికి రాగానే మా యత్తగారితో చారు సంగతి దాచక చెప్పితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "రుచిగా నుండెనా?" అనిరి. "ఉండెను" అంటిమి. "సరే, పోయి తలస్నానము చేసి రమ్ము. ఆ సొరకాయ కూర యేదో రేపు చేసి చూపుము" అనిరి.

చేసిన విధ మిది. లేత సొరకాయను తురిమి, ఉప్పు చల్లి అరగంట యుంచి పిండవలెను. రెండు చెంచాల నూనెలో సన్నగా తఱిగిన ఉల్లిపాయను మెత్తబడువఱకు వేయించి, దింపి, ఒక చెంచాడు పప్రికా కలుపవలెను. మంటమీద వేసిన మాడి చేదగును. తురుము వేసి కొంచెము నీటితో ఉడికించి, గుప్పెడు సోయకూర చేర్చవలెను. గిన్నెడు చిక్కని పుల్లపెరుగులో చెంచాడు గోధుమపిండి ఉండలు లేకుండ కలిపి, సన్నని మంటపై పోసి, చిక్కబడువఱకు కలియబెట్టవలెను. మా యత్తగారు ఉల్లి తినరు గనుక ఆమె పాలికి ఇంగువ వేసితిమి. ఆమె రెండవమాఱు వడ్డించుకొనిరి.