తీతువు గూటికి ఎంత దూరం?

ఉగాది వెళ్లిన మరుసటి ఆదివారం, తెల్లవారుజామున ఐదున్నర గంటలకు ఉధ్నా నుండి బయలుదేరాము. ఈ ఊరిలో కోయిల కూతకన్న ముందు చెవిని పడేది మరమగ్గాల చప్పుడు. రాత్రి పాళీ ఇంకా ముగియలేదు. ఆ మగ్గాల వద్ద నిలుచున్నవారిలో కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుండి తరలివచ్చిన తెలుగువారు అనేకులు. అటువంటి ఒక కుటుంబంలోని బాలుడు, తొమ్మిదవ తరగతి విద్యార్థి, ఈసారి నాకు తోడు. అతని చేతిలో తండ్రిగారి సెల్‌ఫోను, నా భుజాన 400 మిల్లీమీటర్ల లెన్సు తగిలించిన కెమేరా. “కప్ప, పాము, పిట్ట, మూడూ దొరకాలె సారూ” అని ఇంటి గుమ్మంలోనే షరతు విధించాడు.

మగ్దల్లా రోడ్డు వెంట ఆటోలో కొంతదూరం పోయి, గవియర్ చెరువు దిశగా నడక సాగించాము. నేచర్ క్లబ్ సూరత్ వారి కృషి వలన ఆ చెరువు పక్షి పరిశీలకులకు సుపరిచితమే. అయితే మా కథ చెరువు దాకా పోదు. దారిలోని ఒక కాలువ గట్టు వద్దనే ఉదయమంతా గడిచిపోయింది.

నిజానికి చైత్రం కప్పలను చూసే కాలం కాదు. పెద్ద బావురుకప్ప ఈ రోజులలో మట్టిలో దాగి ఉంటుంది. తొలకరి పడగానే వెలికి వచ్చి, మగది నిమ్మపండు రంగు దాల్చి, గొంతుకు ఇరువైపులా నీలిసంచులు ఉబ్బించి బెకబెకలాడుతుంది. ఆ వైభవం చూడగోరువారు జూన్ దాకా ఆగవలసినదే. (ఒకప్పుడు ఈ జాతి కాళ్లను ఏటా వేల టన్నులు విదేశాలకు పంపి డాలర్లు గడించాము. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది.) మాకు అగుపించినది నీటిపైన కళ్లు మాత్రమే తేల్చి ఉండే చిన్నజాతి కప్ప. మురికినీటిని సైతం ఓర్చుకొనగలదు. బాలుడు పరుగున సమీపించగా, చిల్లపెంకు విసిరినట్లు నీటిమీద ఎగిరెగిరి అవతలి ఒడ్డు చేరింది. రెండవసారి గట్టున చతికిలబడి పదినిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. కప్ప తానే తిరిగి వచ్చింది.

కప్ప ఉన్నచోటికి దానిని తినే ప్రాణి రావటం సహజం. ఒంటినిండా చదరంగపు గళ్లవంటి మచ్చలు, కంటి క్రింద రెండు నల్లని గీతలు గల నీరుకట్టె ఒకటి తుంగలోనుండి తల ఎత్తింది. బెదిరినప్పుడు మెడను వెడల్పు చేస్తుంది కనుక పలువురు దీనిని నాగుపాముగా భ్రమపడతారు. కోపిష్ఠి, కరుస్తుంది కూడా. కాని విషం లేదు. అటుగా వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు మా కెమేరాను చూసి ఆగారు, పామును చూసి కర్ర వెదకసాగారు. వారికి నచ్చజెప్పటానికి పట్టిన సమయంలో పాము తన దారిన వెళ్లిపోయింది. ఫోటో రాలేదు. నాకు విచారం లేదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాదిమంది విడిచిపోయిన నగరమిది. ఎలుకలను మింగి బ్రతికే జెర్రిపోతును ఇక్కడ నేటికీ కర్రలతో కొట్టి చంపుతుండగా చూస్తున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మాట అటుంచి, లెక్క చూసుకున్నా నష్టం మనదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకపింజరి అనే నాలుగింటి విషానికి పనిచేసే మందు ఒకటే. ఏ పాము కరచినా కోయటం, పీల్చటం, బిగించి కట్టటం మాని నేరుగా ఆసుపత్రికి పోవాలి. ఇది ఇంటిల్లిపాది ఎరుగవలసిన సంగతి.

ఎనిమిది గంటల వేళ తలపైన తీతువు అరచింది. “ఇది కూస్తే మంచిది కాదంటది మా నాయనమ్మ” అన్నాడు బాలుడు. మన వైపు అపశకునమైన ఈ పిట్టయే గుజరాతులో టిటోడీ అనే పేరుతో వానజోస్యం చెబుతుంది. అది ఎత్తైన చోట గుడ్లు పెడితే వర్షాలు అధికమని ఇక్కడి రైతుల నమ్మిక. గూడు అనదగినదేమీ ఉండదు. కంకర నేలలో చిన్న గుంట, అందులో సాధారణంగా నాలుగు గుడ్లు, మట్టిరంగుపై నల్లని మరకలు. కాలు పడేదాకా కంటికి ఆనవు. ఇరవై ఎనిమిది రోజులకు పైగా తల్లిదండ్రులు వంతులవారీగా పొదుగుతాయి. ఎండ తీవ్రమైతే పొట్ట ఈకలను నీటిలో తడిపి వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి.

ఇక్కడ నా నేరం ఒకటి ఒప్పుకోవాలి. ఫిల్ము రీలులో ముప్పైఆరు ఫోటోలు మాత్రమే వచ్చే రోజులలో, మరొక ఊరిలో, ఏప్రిల్ ఎండలో ఇటువంటి గూడు చూశాను. లెన్సు మారనంతవరకు దూరం సగమైతే చిత్రంలో పక్షి పొడవు రెట్టింపు, వైశాల్యం నాలుగింతలు. ఇంజనీరుకు ఈ సూత్రం చాలు, బుద్ధి చెడటానికి. జరుగుతూ జరుగుతూ ఆరడుగుల దగ్గరకు చేరాను. పక్షులు నెత్తిపైన గోలపెడుతుండగా నలభై నిమిషాలు కూర్చున్నాను. మరునాడు వెళితే గుంటలో పెంకులు మిగిలాయి. ముందురోజు కంచెమీద కూర్చున్న కాకి నా చూపు ఎక్కడున్నదో గమనించి ఉండాలి. ఆ ఫోటోకు మా టౌన్‌షిప్పు క్లబ్బు పోటీలో ప్రథమ బహుమతి లభించింది. బహుమతిగా ఇచ్చిన స్టీలు టిఫిన్ క్యారియరు ఇప్పటికీ మా వంటింట్లో ఉన్నది. దానిని నేను ఆఫీసుకు ఏనాడూ పట్టుకుపోలేదు.

ఈ మాట బాలునికి చెప్పి, అతనిచేత అడుగులు లెక్కపెట్టించాను. గట్టుమీది తీతువు నలభై అడుగుల దూరంలో గుడ్లపైనుండి లేచింది. మేము వెనుకకు నడిచాము. యాభై వద్ద ఇంకా నిలుచునే ఉన్నది. అరవై రెండు వద్ద అటూ ఇటూ చూసి కూర్చున్నది. అక్కడినుండి నేను మూడు ఫోటోలు, అతడు సెల్‌ఫోనుతో ఒకటి తీసి తిరుగుముఖం పట్టాము. అతని ఫోటోలో పక్షి ఎక్కడున్నదో వేలితో చూపిస్తేగాని తెలియదు.

రోడ్డు మలుపులోని టీ కొట్టు యజమానికి ఆ ఫోటోనే చూపించాడు. వృద్ధుడు కళ్లజోడు సవరించుకొని, “గుడ్లు పల్లంలోనా, గట్టుమీదనా?” అని అడిగాడు. గట్టుమీదనే అన్నాము. అయితే ఈ ఏడు వానలు గట్టిగా కురుస్తాయన్నాడు. 2006 ఆగస్టులో తాపీ నది నగరాన్ని ముంచెత్తటం చూసినవాడు కాబోలు, ఆ మాట చెప్పి అంతగా సంతోషించినట్లు కనబడలేదు.