నూటికి మనవాళ్ళెంతమంది?

పూర్వం పిల్లనిచ్చే ఊరెలాంటిదో కనుక్కోవాలంటే నీళ్ళు మంచివేనా, రైలు స్టేషను ఎంత దూరం, వేళకి పలికే డాక్టరున్నాడా అని అడిగేవారు. పిల్లలు అమెరికాలో స్థిరపడుతున్నారు కనుక ఇప్పుడు ప్రశ్న మారింది. "మీవాడు ఇల్లు కొన్న ఊళ్ళో మనవాళ్ళెంతమందండీ?" జవాబు కూడా అంకెల్లోనే వస్తోంది. "నూటికి అరవై పైచిలుకు ఆసియావాళ్ళేనటండీ. నల్లవాళ్ళు అసలు లేరట. స్కూళ్ళు కూడా చాలా మంచివట." ఈ మూడు మాటలూ ఒక్క గుక్కలో, ఒకదానికొకటి కారణమన్నట్టు చెప్పేస్తారు. నాకు ఒళ్ళు మండేది ఆ మధ్యమాట దగ్గర.

మాటవరసకి కుపర్టినో తీసుకోండి. కాలిఫోర్నియాలో శాంటా క్లారా లోయలో ఓ చిన్న నగరం. ఆపిల్ కంపెనీ ముఖ్య కార్యాలయం ఉన్నది అక్కడే. ఒకప్పుడు ఆ లోయ నిండా పళ్ళతోటలే. 2020 జనాభా లెక్కల్లో తేలినవాళ్ళు 60,381 మంది, అంటే మన భీమవరంలో సగం కూడా లేరన్నమాట. 2010 లెక్కల పట్టిక చూస్తే మొత్తం జనాభాలో ఆసియావాళ్ళు 63.3 శాతం, తెల్లవాళ్ళు 31.3 శాతం. నల్లవాళ్ళు 344 మంది. శాతంలో చెప్పాలంటే 0.6.

ఆ అరవైమూడులో పెద్ద వాటా చైనావాళ్ళది, 28.1. మన దేశంవాళ్ళు 22.6. పక్కింటి చైనా ఆవిడ ఎదురుపడితే తల ఊపి తలుపేసుకునే మనం, లెక్క చెప్పేటప్పుడు మాత్రం ఆవిణ్ణి కూడా మనావిడ చేసేసుకుంటాం. పోనీ ఆ 22.6 అయినా మనవాళ్ళేనా? అందులో పంజాబీలు, గుజరాతీలు, తమిళులు, బెంగాలీలు ఉన్నారు. తెలుగువాళ్ళెందరో ఆ పట్టిక చెప్పదు. చెప్పకపోయినా మనం వెతికి పట్టుకుంటాం. పట్టుకున్నాక అసలు వడపోత అప్పుడు మొదలవుతుంది. ఏ జిల్లా అండీ, ఇంటిపేరేమిటండీ, అలాగా, అయితే ఫలానావారు మీకేమవుతారండీ? చివరికి తేలవలసిందేమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులం పేరుతో వివక్ష చూపకూడదని చట్టం చేసిందంటే అది ఊరికే చేయలేదు.

అసలీ గడులేమన్నా బ్రహ్మదేవుడు గీసినవా? 1920 నుంచి 1940 దాకా అమెరికా జనాభా లెక్కల్లో మన దేశంవాళ్ళందరి జాతి పేరు "హిందూ". సిక్కయినా సరే, ముసల్మానయినా సరే, ఆ గడిలో పడవలసిందే. 1970లో మనల్ని తెల్లవాళ్ళ కింద రాసుకున్నారు. 1980 వచ్చేసరికి "ఆసియన్ ఇండియన్" అని కొత్త గడి పెట్టారు. నలభయ్యేళ్ళలో ఒకే మనిషికి మూడు జాతులు! ఒంటిరంగు మారలేదు, ఫారం మారింది. అరబ్బు దేశాలనుంచి వచ్చినవాళ్ళ సంగతీ ఇంతే. మొన్న మొన్నటిదాకా తెల్లవాళ్ళలో కలిపేసి, వాళ్ళకి వేరే గడి ఉండాలని 2024లో నిర్ణయించారు.

ఇప్పుడు ముక్కుపుడక కథ చెప్తాను వినండి. 1915లో కళా బగాయ్ అనే ఆవిడ భర్త వైష్ణోదాస్‌తో, ముగ్గురు కొడుకులతో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడ దిగింది. ఆవిడ ముక్కున మెరిసే వజ్రాన్ని చూసి అక్కడి పత్రికవాళ్ళు కొత్త ఫ్యాషనొచ్చిందని వింతగా రాశారు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత బర్క్‌లీలో ఇల్లు కొనుక్కుని సామాన్లతో సహా వెళితే ఇరుగుపొరుగువాళ్ళు ఆ ఇంటికి తాళం వేసేసి లోపలికి అడుగు పెట్టనివ్వలేదు. సొంత డబ్బుతో కొనుక్కున్న ఇంటి గుమ్మంలో, పిల్లల్ని వెంటబెట్టుకుని నిలబడ్డ ఆ ఇల్లాలిని ఒక్కసారి తలచుకోండి. ఆ ఇంట్లో కాపురం వద్దు బాబోయ్ అని వెనక్కి వచ్చేశారు.

1923లో భగత్‌సింగ్ థిండ్ అనే ఆయన కేసు సుప్రీంకోర్టు కెక్కింది. (మన భగత్‌సింగ్ కాదు, ఈయన వేరు.) ఆ రోజుల్లో పౌరసత్వం కావాలంటే తెల్లవాడై ఉండాలి, లేదా ఆఫ్రికా సంతతివాడై ఉండాలి. రెండో తలుపు వైపు మనవాడు కన్నెత్తి చూడలేదు. తాను ఉన్నత కులస్థుణ్ణనీ, ఆర్యుణ్ణనీ, కాబట్టి తెల్లవాణ్ణేననీ వాదించాడు. అంతటితో ఆగక, ఇక్కడ తెల్లవాళ్ళు నల్లవాళ్ళని ఎలా చూస్తారో మా అగ్రకులాలవాళ్ళు మా దేశపు ఆదివాసుల్ని అలాగే చూస్తారని కూడా ఆయన తరఫున కోర్టుకి విన్నవించారు! ఏం లాభం? పండితులేమన్నా సరే, మామూలు జనం దృష్టిలో నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది కోర్టు. అంతకు ముందే పౌరసత్వం దొరికినవాళ్ళకి కూడా అది ఊడింది. అలా ఊడినవాళ్ళలో వైష్ణోదాస్ బగాయ్ ఒకడు. పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు భూమి కొనకూడదని కాలిఫోర్నియాలో 1913 నుంచే చట్టముంది. ఉన్న ఊరూ కాకుండా, వదిలొచ్చిన ఊరూ కాకుండా అయిపోయిన ఆ మనిషి 1928లో శాన్ హోసేలో ఒక గది అద్దెకి తీసుకుని, ఉత్తరం రాసిపెట్టి ప్రాణం తీసుకున్నాడు. శాన్ హోసే ఎక్కడో కాదు, కుపర్టినోని ఆనుకునే ఉంటుంది. కళ ఆ ముగ్గురు పిల్లల్నీ పెంచి పెద్దచేసి, 1983 దాకా బతికింది. తాళం వేసిన ఆ బర్క్‌లీలోనే 2021లో ఒక వీధికి ఆవిడ పేరు పెట్టారు.

మరి అక్కణ్ణుంచి ఇక్కడికి మనమెలా వచ్చాం? 1946 చట్టం ఏడాదికి వందమంది భారతీయుల్ని రానిచ్చింది. వందంటే వందే. తలుపు బార్లా తెరుచుకున్నది 1965లో, దేశాలవారీ పాత కోటాలు రద్దయినప్పుడు. అమెరికా పార్లమెంటుకి ఆ ఏడు ఉన్నట్టుండి మనమీద ప్రేమ పుట్టలేదు. బస్సుల్లో, హోటళ్ళలో, ఓటు దగ్గర మమ్మల్నెందుకు వేరు చేస్తారని నల్లవాళ్ళు లాఠీలకీ కుక్కలకీ ఎదురు నిలబడితే 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. రంగునిబట్టీ పుట్టుకనిబట్టీ మనుషుల్ని విడదీయడం తప్పని దేశం లోపల ఒప్పుకున్నాక, సరిహద్దు దగ్గర మాత్రం విడదీస్తామని అనడానికి మొహం చెల్లలేదు. మీ అబ్బాయి చేతిలో ఉన్న ఇంటి తాళంచెవిని ఎవరు పోత పోశారో ఇప్పుడర్థమైందా? వాళ్ళు లేరట అని సంబరపడుతున్నాం మనం.

"అలా కాదండీ, మాకు రంగుతో పనేమిటి, స్కూళ్ళ కోసం చూస్తాం" అంటారు. సరే, స్కూళ్ళ సంగతే మాట్లాడుకుందాం. అమెరికాలో చాలాచోట్ల స్కూళ్ళు నడిచేది ఆ ఊరి ఇళ్ళమీద వచ్చే పన్నుతో. ఇళ్ళ ఖరీదు ఎక్కువుంటే బడికి డబ్బెక్కువ. 1930లలో ప్రభుత్వ సంస్థ నగరాల పటాలు తయారుచేసి, నల్లవాళ్ళుండే పేటలకి ఎర్రరంగు పూసింది. అక్కడ ఇంటికి అప్పు పుట్టేది కాదు. అప్పు లేకపోతే ఇల్లు లేదు, ఇల్లు లేకపోతే ఆస్తి లేదు, ఆస్తి లేని పేటలో బడి బాగుపడదు. ఇంత చేసి, చూశారా, వాళ్ళ పేటలో స్కూళ్ళు బాగుండవు అని మనం తేల్చేస్తున్నాం. మంచి బియ్యమంతా ఒకరింటికి చేరవేసి, రెండోవారికి వంట రాదన్నట్టుంది.

ఇంకో తమాషా వినండి. ఇదే కుపర్టినో గురించి 2005లో వాల్‌స్ట్రీట్ జర్నల్ ఒక కథనం వేసింది. అక్కడి స్కూళ్ళలో ఆసియా పిల్లలు ఎక్కువైపోయారనీ, పొద్దస్తమానం చదువూ మార్కులూ తప్ప ఇంకోటి లేదనీ, తమ పిల్లలు నెగ్గుకురాలేరనీ తెల్లవాళ్ళు కొందరు ఆ ఊరినుంచి తప్పుకుంటున్నారట! మనం మురిసిపోయి చూసే పట్టికనే వాళ్ళు భయపడుతూ చూశారన్నమాట. నూటికి ఎంతమంది అని వాళ్ళూ లెక్క పెట్టారు. వాళ్ళ లెక్కలో ఎక్కువైనవాళ్ళం మనం.

1968లో నల్లవాళ్ళ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేసిన వారానికి అక్కడ ఇళ్ళ విషయంలో ఒక చట్టం వచ్చింది. రంగు, జాతి, మతం చూసి ఇల్లు అమ్మననడం, అద్దెకివ్వననడం నేరం. రంగునిబట్టి కొనేవాళ్ళని ఫలానా పేట వైపు మళ్ళించకూడదు. అందుకని "ఈ వీధిలో ఎవరెవరుంటారు?" అని అడిగితే అక్కడి బ్రోకరు మాట దాటేస్తాడు. మావాళ్ళమ్మాయి ఒకతి ఇది చెప్పి, "ఎంత గుంభనో పిన్నీ, ఆ మాత్రం చెప్పడానికేం!" అని విసుక్కుంది. అదే మనూళ్ళో అయితే బ్రోకరుని మనం అడగనక్కర్లేదు, వాడే అడుగుతాడు, "మీరేవాళ్ళండీ?" అని. శాకాహారులకి మాత్రమే అద్దెకివ్వబడును అన్న బోర్డు వెనకాల ఏ కూర సంగతి ఉందో చదవగలవాళ్ళందరికీ తెలుసు. ఈ విద్యలో ఆరితేరినవాళ్ళం కనుకే, ఆ దేశం వెళ్ళీ వెళ్ళగానే పట్టికల్లో మొదట వెతకవలసిన గడి ఏదో మనకి ఒకరు నేర్పక్కర్లేకపోయింది.

ఈ కోపమంతా మనమీదే ఎందుకంటే, ఇల్లెక్కడ కొనాలన్న మాట మన ఇళ్ళలో ముక్కాలు వంతు ఆడవాళ్ళదే. కోడలు పక్కనుంచి, అత్తగారు ఫోన్లోంచి. వారం వారం మాట్లాడుతూనే ఉంటాం కదా, ఈసారి శాతాలు కాకుండా కుడిపక్కింటివాళ్ళ పేరేమిటో, ఏం చేస్తూంటారో అడిగి చూడండి. నేను అడిగాను. మావాళ్ళలో చాలామందికి తెలియదు. ఒకమ్మాయి మాత్రం, "పేరు తెలీదు గాని పిన్నీ, మనవాళ్ళు మాత్రం కాదు" అంది.