ఇంట్లో ఇంగ్లీషు: పాలు ఒకటా, చాలానా?

కిందటి సంచికలో నౌన్ అంటే పేరు అని చెప్పుకుని ఆగాం. నౌన్లు అయిదు రకాలని స్కూలు పుస్తకాలు చెబుతాయి. కావేరి ప్రాపర్ నౌన్, రివర్ కామన్ నౌన్, ఆర్మీ కలెక్టివ్, గోల్డ్ మెటీరియల్, హానెస్టీ ఆబ్‌స్ట్రాక్ట్. వీటిని పిల్లలు ఒక్క పూటలో వల్లె వేసేస్తారు. చిక్కల్లా లెక్కకు వచ్చేవి, రానివి అనే తేడా దగ్గరే.

మొన్న మా తమ్ముడి కూతురు పరీక్ష కాగితం పట్టుకొచ్చింది. అయిదో తరగతి. 'ద మిల్క్ ఆర్ హాట్', 'ద వాటర్ ఆర్ కమింగ్' అని రాసింది. రెండింటికీ ఎర్ర ఇంటుమార్కులు. మా మరదలు అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది.

"ఇంట్లో తెలుగు మాట్లాడబట్టే దీని ఇంగ్లీషు ఇలా తగలడింది బావగారూ. రేపట్నుంచి ఈ ఇంట్లో ఇంగ్లీషే!"

పిల్ల ముఖం చిన్నబోయింది. దాని నానమ్మకు, అంటే మా అమ్మకు, తెలుగు తప్ప మరోటి రాదు. రాత్రి కథ ఎవరు చెబుతారని దాని బెంగ.

మరదలి మాటలో సగం నిజముంది. ఆ తప్పు తెలుగులోంచే వచ్చింది. మనం పాలు పొంగాయి, నీళ్ళు వస్తున్నాయి అంటాం. రెండూ బహువచనాలే. ఇక్కడ బెంగుళూరులో మా పక్కింటివాళ్ళు కన్నడంలో 'నీరు బంతు' అంటారు. అరవంవారు 'తణ్ణీర్ వందదు' అంటారు. వాళ్ళకవి ఏకవచనాలు. ఇంగ్లీషులోనూ మిల్క్, వాటర్, రైస్ లెక్కకు రానివి కాబట్టి 'ఈజ్' పడుతుంది. తమాషా ఏమిటంటే, అవే పాలు తోడుకున్నాక మనకూ ఏకవచనమైపోతాయి. పెరుగు పుల్లగా 'ఉంది' అంటాం కదా! కనుక వస్తువును చూసి వచనం చెప్పలేం, ఏ భాషలో మాట్లాడుతున్నామో చూసుకోవాలి.

మా బ్యాంకులో రోజంతా లెక్కపెట్టేది డబ్బే. గ్రామరు మాత్రం మనీ లెక్కకు రాదంటుంది! రూపాయలు వస్తాయి, నోట్లు వస్తాయి, మనీ రాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, బ్రాంచీలను కంప్యూటర్లు కలపకముందు, జమాఖర్చుల కాగితాలు ఒక బ్రాంచి నుంచి మరో బ్రాంచికి పోస్టులో వెళ్ళేవి. వాటిని అడ్వైసులనేవాళ్ళం. ఆ అలవాటున ఒక పెద్దాయనకు 'థాంక్స్ ఫర్ యువర్ అడ్వైసెస్' అని ఉత్తరం రాశాను. "మొత్తం ఎన్ని అందాయి నాయనా?" అని తిరుగు టపాలో జవాబు వచ్చింది. కాగితాలైతే అడ్వైసులను లెక్కపెట్టవచ్చు. సలహా అనే అర్థంలో అడ్వైస్ లెక్కకు రాదు, 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్' అనాలి. ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్ కూడా ఈ బాపతే. వీటి చివర 'ఎస్' తగిలించకండి.

పిల్ల చేత నోటుపుస్తకంలో రెండు వరుసలు గీయించాను. ఒకవైపు తెలుగు వాక్యం, రెండోవైపు ఇంగ్లీషు వాక్యం. తెలుగు వైపు నానమ్మనడిగి నింపమన్నాను. ఆదివారానికి నాలుగు పేజీలు నిండాయి.

ఇంతలో వంటింట్లోంచి, పట్టు విడవని మా మరదలు, "వేర్ ఈజ్ ద సిజర్స్?" అని కేకేసింది.

"ఆర్ అనాలమ్మా!" అంది పిల్ల. "కత్తెర మనకే ఒకటి. వాళ్ళకి చాలా!"